నాలుగు వేళ్ళ లోతు

కణేకల్, 20-11-67

నాయనకు పాపన్న నమస్కారాలు. నేను, నల్లమ్మ బాగున్నాము. కాలవ పనివాళ్ళ ఇళ్ళ వెనక మాకు రెండు సెంట్ల నేల ఇచ్చినారు. స్వాతి కార్తెలో కూరగాయలేమిటని నువ్వు తిడతావు, అయినా వేసినాను. నువ్విచ్చిన అనుములు మన చేలో లాగే నాలుగు వేళ్ళ లోతున నాటి నీళ్ళు కట్టినాను. పది రోజులైనా ఒక్కటీ మొలవలేదు. పక్కింటి తిమ్మక్క పుల్లతో తవ్వి చూస్తే అన్నీ కుళ్ళిపోయినాయి. "ఏమప్పా, ఈడ తేమ పైనే ఉండాది. ఎవురి కోసరం అంత లోతున పూడ్చినావు?" అని ఒకటే నవ్వు.

దిగులు పడొద్దు. విత్తనమంతా ఒకేసారి వేయొద్దని నువ్వు చెప్పినట్టే సగం దాచినాను. ఈసారి ఒక్క వేలి మందం లోతున వేస్తే అయిదోనాడే మొలిచినాయి. ఇప్పుడు నాలుగేసి ఆకులు.

అమ్మ మోకాలు ఎట్లుంది? నా చిన్న పార ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. అక్కడ వానలు లేక మీరు విత్తనపు అనుములు కూడా వండుకున్నారట, నాకెందుకు రాయలేదు? సగం కాయలు కోయకుండా ముదరనిచ్చి, మీకు విత్తనం నేనే పంపుతాను. చెల్లెలికి మా దీవెనలు.

నువ్వు మాత్రం నాలుగు వేళ్ళ లోతునే వెయ్యి.