మద్దిలేటి నెమ్మదించాడనుకున్నాము

ఎమ్మిగనూరు,
ఆదివారం.

నాయనకు, అమ్మకు మీ కూతురు ఈరమ్మ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మేము ప్రాణాలతో ఉన్నాము. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎండలు మండుతున్నాయి. మీ అల్లుడికి మగ్గం పని చేతినిండా ఉంది, నేను కండెలు చుడుతున్నాను. ఇరుగుపొరుగు మంచివాళ్లే, అయినా మా దగ్గరున్న తమ్ముడు తప్ప మనూరి వాళ్లు ఒక్కరూ లేక దిగులుగా ఉంటుంది.

తమ్ముడి సంగతి రాయాలి. ఆదోని డాక్టరు మాత్రలు ఇచ్చాక మద్దిలేటికి చెవుల్లో మాటలు వినపడటం, గోడలతో పోట్లాడటం ఆగిపోయాయని పోయినసారి రాశాను కదా. ఆ సంతోషంలో వీధంతా బెల్లం పంచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! వాడు ఊరకుండటం చూసి నయమైందనుకున్నాను. రొట్టె పెడితే ఎండిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. లేవమంటే లేచేవాడు, అంతే.

ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. మనింట్లో ఉత్తరాలు చదివేది ఎప్పుడూ వాడే, నాకు అక్షరాలు నేర్పిందీ వాడే. అలవాటుగా వాడి చేతికే ఇచ్చాను. మీరు అల్లుడి బాగోగులు అడిగారు, మా మేక ఈనిందా అని కూడా అడిగారు. వాడి గురించి మాత్రం "పిచ్చోడు అణిగినాడా?" అని రాయించారు. ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివి, మడిచి నాకిచ్చాడు.

మరునాడు పొద్దున బావి గట్టు మీద కనబడ్డాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, ఆ మాటలు తిట్టినా తోడుండేవి. ఇప్పుడు నేనేమైపోయినానో నాకే బాగా కనపడతాంది. ఎవరికోసరం బతకాల్నో సెప్పు" అన్నాడు.

"నాకోసరం. లెయ్ రా" అన్నాను. ఏడ్చాను నాయనా, దాచను.

డాక్టరుకు చూపించాము. ఆ దిగులు కూడా జబ్బేనట, సోమరితనం కాదట. ఒంటరిగా వదలొద్దన్నాడు. నేనో మీ అల్లుడో పక్కనే ఉంటున్నాము. నిన్న అర రొట్టె తిన్నాడు. మీరు భయపడొద్దు. వాడికి నయం కావాలని మీరు దేవుడికి మొక్కిన మొక్కు తీర్చడానికి వాణ్ణి ఊరికి తీసుకురమ్మని మాత్రం అడగొద్దు. నలుగురూ వింతగా చూడటానికి వస్తారు, వాడు తట్టుకోలేడు. నాయనా, నువ్వే ఒకసారి రా. కాసిని కొర్రలు తెస్తే సంతోషం, లేకున్నా సరే.

ఈ ఉత్తరం రచ్చకట్ట మీద చదివించొద్దు, బడి అయివారి ఇంట్లో చదివించుకోండి. పెదనాయనకు, పెద్దమ్మకు దండాలు చెప్పండి. మీ దీవెన మా మీద ఉండాలి, ముందు వాడి మీద ఉండాలి.

బావి సంగతి రాయకూడదనే అనుకున్నాను. వాడే అన్నాడు: "రాయక్కా. నాయన వస్తాడేమో."

మీ బిడ్డ,
ఈరమ్మ