రేడియోలో అడగవద్దన్న ప్రశ్న

ఆదివారం. వాన ఇంకా పడుతూనే ఉంది.

కొత్తగూడలో మా హామ్ రేడియో క్లబ్బు పెట్టి నెల కాలేదు. లైసెన్సు పరీక్ష పాసైంది ముగ్గురమే: నేను, సెల్‌ఫోన్లు బాగుచేసే యాకూబ్, వాగు ఒడ్డు తండాలో ఆశా వర్కర్ సక్కుబాయి. వాగు పొంగితే తండాకు ఫోన్ కలవదు. ఈ తిప్పలన్నీ అందుకే.

పొద్దున సాధన చేస్తుంటే యాకూబ్ మళ్ళీ "తిన్నవా అక్కా?" అని మొదలుపెట్టాడు. ఆమె కూర పేరుతో సహా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ముచ్చట్లు వద్దు, సంగతి ఒక్క ముక్కలో చెప్పండని ఇద్దరినీ కసిరాను.

సాయంత్రం నేనే సక్కుబాయిని పిలిచాను. "అందరం మంచిగనే ఉన్నం సార్. ఓవర్" అంది. ఎంత చక్కగా నేర్చుకుందోనని మురిసిపోయి సెట్టు ఆపబోతుంటే, యాకూబ్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"తిన్నవా అక్కా?"

కాసేపు గరగర. తర్వాత సన్నగా ఆమె గొంతు.

"యాడ తినుడు తమ్మీ, పొయ్యిలకు నీళ్ళొచ్చినయి. పిల్లల్ని మంచాల మీద కూసోబెట్టినం."

"గది ముందే చెప్పాలె గదక్కా!"

"సార్ ఒక్క ముక్కల చెప్పమన్నడు గద. మనుషులమైతే మంచిగనే ఉన్నం."

మండలాఫీసుకు పరుగెత్తాం. ట్రాక్టర్లు పోయి తండా మొత్తాన్ని బడికి చేర్చాయి. ఈ నెలలో ఎన్నిసార్లు 'మంచిగనే ఉన్నం' అని విని ఊరుకున్నానో...

ఇందాక బడి నుంచి సక్కుబాయి పిలిచింది. "తిన్నరా సార్?"

తిన్నానన్నాను.

ఏం కూర అని అడిగింది.