చెడిపోని ఫోను

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. నేనూ అమ్మా కులాసా. మీ నర్సింగ్ హాస్టల్లో మొదటి ఆరు నెలలు ఫోను ఉండకూడదన్న నియమం పుణ్యమా అని నా చేతిరాత మళ్ళీ దుమ్ము దులుపుకుంది. కోడిగీతలని నవ్వకు.

అమ్మ మోకాలు నయం. మెట్లెక్కుతోంది, ఎక్కినప్పుడల్లా నన్ను తిడుతోంది. ఎందుకో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది. సూది గుచ్చాలంటే చెయ్యి వణుకుతోందని రాశావు. వణకనీ. నేను మొదటిసారి ఫోను విప్పినప్పుడు రెండు మరలు జారిపడి, వాటిని వెతుకుతూ పూటంతా నేల మీదే ఉన్నాను. షాపు మామూలే. నిన్న ఒక కాలేజీ అమ్మాయి అద్దం మార్చమని ఫోను ఇచ్చి, అరగంటసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడింది. ఇదివరకైతే ఆటపట్టించేవాణ్ణి. నిన్న గబగబా పని ముగించి ఫోను చేతికిచ్చేశాను.

"నా ఫోను బాగుపడిందా? నా నేస్తం పొడుగుపిల్ల ఊరు వదిలి వెళ్తూ నాకు మాటైనా ఎందుకు చెప్పలేదు?" అని అడిగావు. ఆ రెంటికీ జవాబు ఒకటే తల్లీ.

నీ ఫోను పాడవలేదు. సెలవుల్లో భోజనం దగ్గర కూడా నువ్వు దాంట్లోంచి తలెత్తకపోతే ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు వెనక మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. బోర్డు పోయింది, సామాను రావాలి అన్నాను. ఇన్నేళ్ళలో ఏ కస్టమర్‌కీ చెప్పని అబద్ధం నీకు చెప్పాను.

రెండు రోజులాగి పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు ఏమీ తోచక షాపుకి వచ్చావు. నా పక్కన స్టూలేసుకుని మరలు సైజులవారీగా ఏరావు. ఏ ఫోను ఎలాంటి మనిషిదో కథలల్లి నన్ను నవ్వించావు. నీ గొంతు అంతసేపు విని ఎన్నేళ్ళయిందో. నీకు రెండేళ్ళప్పుడు, ఏడిస్తే పని సాగదని, ఫోన్లు నీ చేతికిచ్చి కూర్చోబెట్టింది నేనే. అది మరిచిపోయి నిన్ను తిట్టాను. రెండు రోజులు కాస్తా ఇరవై అయ్యాయి.

నువ్వు బస్సెక్కిన మర్నాడు కనెక్టర్ పెట్టాను. ఫోను వెలిగి వరసగా మోగింది. దాని తాళం నా పుట్టినతేదీ అని నువ్వే చెప్పావు. చదవకూడదు, చదివాను. ముప్పై ఏడు మెసేజిలు, అన్నీ పొడుగుపిల్లవే. వాళ్ళమ్మకు బదిలీ అయిందనీ, గురువారం మధ్యాహ్నం బస్సనీ, ఒక్కసారి కలవమనీ. చివరిది బస్టాండు నుంచి. "ఇంకో పది నిమిషాలు చూస్తాను."

రెండు వీధుల అవతలి పిల్ల వచ్చి తలుపు తట్టొచ్చుగా అన్నాను. అమ్మ నా మీద విరుచుకుపడింది. ఈ పిల్లలు మెసేజికి జవాబు రాకుండా గుమ్మం తొక్కరట. జవాబు లేదంటే రావద్దన్నట్టేనట. నువ్వూ ఫోను లేకుండా, ముందు చెప్పకుండా వాళ్ళింటికి ఎలా వెళ్తానని ఆగిపోయావు. ఆ గురువారం మధ్యాహ్నం నువ్వు నా పక్కన కూర్చుని నవ్వుతున్నావు.

ఇదంతా తెలిసి కూడా నీకు రెండు ఉత్తరాలు క్షేమసమాచారాలతో నింపాను. సిగ్గుగా ఉంది.

మొన్న నీ ఫోను నుంచే ఆ పిల్లకు చేశాను. మొదటి రింగుకే ఎత్తి, "ఇప్పటికి గుర్తొచ్చానా?" అంది. నీ పేరు చూసుకుంది పాపం. నేను వాళ్ళ నాన్ననమ్మా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. "అయితే దానికి నా మీద కోపం లేదా అంకుల్?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. నీ చిరునామా ఇచ్చాను. కానీ నా ఉత్తరం అందేదాకా రాయకమ్మా, నిజం నేనే చెప్పుకోవాలి అని అడిగాను.

ఫోను షాపు బల్ల మీదే ఉంది. రోజూ ఛార్జింగు పెడుతున్నాను. ఆ పిల్ల తన గొంతుతో పంపింది ఒకటుంది, ఆరు సెకన్లు. అదొక్కటి వినలేదు. అది నీది.

సెలవులివ్వగానే ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. షాపుకి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రా. నీ స్టూలు మీద నేనింకా సామాను పెట్టలేదు.

ఇట్లు,
క్షమించమని అడగడానికి మూడో ఉత్తరం దాకా ఆగిన
మీ నాన్న