ఇరవై రెండు మిల్లీమీటర్ల చిల్లు

ఫిబ్రవరి 9

ఇక ఫిజియోథెరపీ చాలన్నాడు డాక్టరు. మోకాలు ఎంతవరకు వచ్చిందో అంతేనట. ఇరవై డిగ్రీలు వంగుతుంది, ఆపైన మొరాయిస్తుంది. నిలబడవచ్చు, నడవవచ్చు, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కవచ్చు. డ్రైవింగు సంగతేమిటని అడిగాను. ఆటోమేటిక్ అయితే నిక్షేపంగా నడపవచ్చట. మాన్యువల్ అయితే మరిచిపొమ్మన్నాడు. ఎడమ కాలితో క్లచ్ తొక్కడం ఈ జన్మకి కుదరదట. ఇంతకీ ఏ కారు అన్నాడు. చెప్పాను. రాస్తున్న పెన్ను కింద పెట్టి, ఫోటో ఉంటే చూపించమన్నాడు.

ఫిబ్రవరి 10

నిద్ర లేవగానే షెడ్డులోకి వెళ్ళాను.

పదకొండేళ్ళ క్రితం ఒక రిటైరైన పైలట్ దగ్గర కొన్నాను దీన్ని. జర్మనీలో మూడేళ్ళు మాత్రమే తయారుచేశారు. మన దేశంలో మొత్తం ఏడున్నాయని మా పాత కార్ల క్లబ్బు లెక్క. అందులో మూడు కదలవు. చూడటానికి బ్యాంకు మేనేజరు కారులా ఉంటుంది. నాలుగు తలుపులు, బూడిద రంగు, టోపీలు పెట్టుకోవడానికి సరిపోయేంత డిక్కీ. లోపల మాత్రం ఆరు సిలిండర్ల ఇంజను. మేకవన్నె పులి అని జనం తిట్టుగా వాడతారు గానీ, నాకు ఆ మాట వింటే ఈ కారే గుర్తొచ్చి ముద్దొస్తుంది.

సెప్టెంబరులో పాలిటెక్నిక్ వర్క్‌షాపు మెట్ల మీద జారాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి లేతు మిషను దగ్గర జాగ్రత్తలు చెప్పేదాన్ని, ఖాళీ మెట్ల మీద పడ్డాను. అప్పటినుంచి కారు కవరు కిందే ఉంది. వారానికోసారి బాబాయ్ వచ్చి స్టార్టు చేసి వెళ్తున్నాడు. బాబాయ్ అంటే చుట్టం కాదు, మెకానిక్. డెబ్బై ఒక్కేళ్ళు. ఈ కారు మీద నాకున్నంత హక్కు ఆయనకీ ఉంది.

ఫిబ్రవరి 12

కవరు తీశాను. మళ్ళీ కప్పాను.

ఫిబ్రవరి 16

అక్క ఫోను. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, నా మోకాలి కంటే కారు బెంగే ఎక్కువగా ఉంది దానికి. అమ్మేసి ఒక చిన్న ఆటోమేటిక్ కొనుక్కోమంటుంది. ఈ వయసులో నాకెందుకీ రేసు గుర్రం అంటుంది. నలభై తొమ్మిది ఒక వయసా అన్నాను. నీ మోకాలిని అడుగు అంది. అక్క కాబట్టి అనగలిగింది.

సాయంత్రం ఒరిజినల్ గారు వచ్చారు. క్లబ్బు ప్రెసిడెంటుకి మేం పెట్టుకున్న పేరది. ఆయన కార్లలో స్క్రూ కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఉండాలి. నాలుగేళ్ళ క్రితం నేను సైలెన్సరు, స్ప్రింగులు మార్పించినప్పుడు మూడు నెలలు నాతో మాట మానేశారు. ఇవాళ మాత్రం పెళ్ళిచూపులకి వచ్చినంత మర్యాదగా కూర్చున్నారు. తనకే ఇమ్మన్నారు. పాత స్ప్రింగులు తెప్పించి వేయించి, అద్దాల గదిలో పెట్టి, దుమ్ము పడకుండా చూసుకుంటారట. మా ఆయన కాఫీ ఇస్తూ, మరి నడుపుతారా అని అడిగారు. అనవసరంగా కిలోమీటర్లు పెంచడం దేనికి అన్నారు ఒరిజినల్ గారు.

మా ఆయన టైలరు. సూట్లు కుడతారు. డ్రైవింగు రాదు, రావాలనీ లేదు. గేటు వేసి వచ్చి ఒకటే మాటన్నారు.

"బీరువాలో పెట్టుకోవడానికే సూటు కుట్టమంటే నేను కుట్టను."

ఫిబ్రవరి 23

దొరికింది. రెండు కాళ్ళూ లేని ఒకతను లారీ నడుపుతున్న వీడియో చూశాను. గేరు రాడ్డు వెనక తుపాకీ ట్రిగ్గరులాంటి మీట. అది నొక్కితే మోటారు క్లచ్ తొక్కుతుంది, మెల్లగా వదిలితే మెల్లగా వదులుతుంది. కాలు చేసే పని వేలు చేస్తుంది. కిట్టు తయారుచేసేవాళ్ళకి మెయిలు పెట్టాను. మీ మోడలుకి ఎవరూ అడగలేదు, కొలతలు మీరే చూసుకోవాలి, మోటారు బిగించే బ్రాకెట్టు మీరే చేసుకోవాలి అని జవాబిచ్చారు.

చేసుకోవాలట! నాకే చెప్తున్నారు.

మార్చి 8

కిట్టు వచ్చింది. బాబాయ్‌ని పిలిచాను. అన్నీ నేల మీద పరిచి గంటసేపు చూశాడు. మోటారుకి డాష్‌బోర్డు కింద చోటు లేదు. ఇంజను పక్కన బిగించి, అక్కడినుంచి ఒక కేబులు లోపలికి తెచ్చి, క్లచ్ పెడల్‌ని లాగించాలి. ఇంజనుకీ మనుషులకీ మధ్య ఇనుప గోడ ఉంది కదా, దానికి చిల్లు పెట్టాలి. ఇరవై రెండు మిల్లీమీటర్లు.

చిల్లు అనగానే బాబాయ్ స్పానర్లు సంచిలో వేసుకున్నాడు. కొత్త బోల్టు అంటే మళ్ళీ విప్పవచ్చు, చిల్లు పడితే పడ్డట్టే అన్నాడు. ముప్పై ఏళ్ళు ఒక్క గీత పడని గోడ అన్నాడు. చెవులు కుట్టించుకుంటే మనిషి డూప్లికేట్ అయిపోతుందా అని అడిగాను. నవ్వలేదు.

"ఇంకేం చెప్పినా చేస్తానమ్మా. దాని ఒంట్లోకి డ్రిల్లు నా చేత్తో దించమనకు."

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

మార్చి 15

బ్రాకెట్టు. ముందు చెప్పుల డబ్బా అట్టతో నమూనా కత్తిరించాను. ఇంజను పక్కన సందులో చెయ్యి పెడితే మోచేయి గీరుకుపోయింది. కాలేజీలో ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటు కోసి, మిల్లింగు చేసి, మూడు బోల్టుల దారులు పెట్టాను. ఎంత ముద్దుగా వచ్చిందో. ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లు అడ్డం. అట్ట వంగుతుంది, ఇనుము వంగదు. ఈ మాట మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెప్తాను.

మార్చి 18

రెండో బ్రాకెట్టు. సరిపోయింది. మొదటిదాన్ని మా ఆయన దుకాణానికి పట్టుకెళ్ళారు, బట్ట ఎగరకుండా బరువు పెట్టుకోవడానికి.

మార్చి 22, మధ్యాహ్నం మూడు

గోడకి అటూ ఇటూ కొలిచాను. చుక్క పెట్టాను. మళ్ళీ కొలిచాను. బట్ట మీద కత్తెర వేసేముందు మీకు ఎప్పుడైనా భయమేసిందా అని మా ఆయన్ని అడిగాను. ప్రతిసారీ అన్నారు. ముప్పై ఏళ్ళనుంచి చూస్తున్నాను, నాకెప్పుడూ కనిపించలేదు.

సాయంత్రం ఐదున్నర

అయింది. ముందు ఐదు మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత పది, తర్వాత పెద్దది. మొదటి రజను రాలినప్పుడు డ్రిల్లు ఆపి, ఊది చూశాను. చివరి చుట్టు తిరిగేసరికి ఏమీ లేదు, వట్టి ఇనుము. అంచులు రుద్ది, తుప్పు పట్టకుండా రంగు వేసి, రబ్బరు వాషరు తొడిగాను. వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది.

బాబాయ్‌కి ఫోను చేసి చెప్పాను.  వాషరు వేశావా అని అడిగాడు.

మార్చి 29

పొద్దున్న ఏడింటికే బాబాయ్ గేటు దగ్గర ఉన్నాడు. పిలవలేదు. చిల్లు దగ్గర టార్చి వేసి చూసి, ఊఁ అన్నాడు. ఆ ఊఁ కోసం నేను మూడు వారాలు ఎదురుచూశానని ఆయనకి తెలియనివ్వలేదు.

మోటారు, కేబులు, వైరింగు, అన్నీ సాయంత్రానికి బిగించాం. స్టార్టు చేశాను. ఆ చప్పుడు! మీట నొక్కి ఫస్టు గేరు వేశాను. మీట వదిలాను. వదిలానంటే, చేతిలో వేడి గిన్నె వదిలినట్టు వదిలాను. కారు కప్పలా ఎగిరి, ప్లాస్టిక్ బకెట్టుని అప్పడం చేసి, ఆగిపోయింది. బాబాయ్ గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. అమ్మా, గేటు తీశాక చేద్దామా అన్నాడు.

ఏప్రిల్ 5

గేరు రాడ్డు పక్కన వైరు వేలాడుతోంది, చూడటానికి అసహ్యంగా ఉంది అన్నాను. మా ఆయన టేపు మెడలో వేసుకుని కారులో కూర్చున్నారు. గేరు రాడ్డుకి కొలతలు తీసుకున్నారు. నడుము, ఎత్తు, చుట్టుకొలత. ఒకటో గేరులో ఒకసారి, ఐదో గేరులో ఒకసారి. వంగినప్పుడు బిగుసుకోకూడదు కదా అన్నారు. నల్ల తోలుతో తొడుగు కుట్టి తెచ్చారు, వైరుకి లోపల సన్నటి గొట్టం. కుట్లు లెక్కపెట్టినట్టు ఉన్నాయి. ఫ్యాక్టరీది పక్కన పెట్టి చూస్తే అదే డూప్లికేట్‌లా ఉంది.

ఏప్రిల్ 12

వారంనుంచి రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండులో ప్రాక్టీసు. అక్కడిదాకా బాబాయ్ పాత పద్ధతిలో కాలితోనే క్లచ్ తొక్కి కారు తెచ్చి, వదిలి వెళ్తాడు.

నాకు డ్రైవింగు వచ్చనే సంగతే నాకు అడ్డం. ముప్పై ఏళ్ళుగా క్లచ్ అంటే ఎడమ కాలు. గేరు మార్చాలనుకోగానే ఆ కాలు లేవబోతుంది, లేవలేదు, నొప్పి. ఈలోపు వేలు మరిచిపోతుంది. ఇంజను అరుస్తుంది. సోమవారం పదిహేనుసార్లు ఆపేశాను. మంగళవారం పన్నెండు. బుధవారం ఏడ్చాను. గ్రౌండు ఊడ్చే ఆవిడ చూసి నీళ్ళ సీసా ఇచ్చి, కొత్తగా నేర్చుకుంటున్నారా అని అడిగింది. అవునన్నాను. ఎందుకో ఆ మాట అన్నాక తేలికైంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తప్పులు చేసే హక్కుంటుంది. ఎడమ కాలిని ముందుకి చాపి, నువ్వు సెలవులో ఉన్నావని చెప్పాను. గురువారం మూడుసార్లే ఆగింది. ఇవాళ సెకండు నుంచి థర్డు పడింది, ఎలా పడిందో తెలియలేదు, వెన్నలో కత్తి దిగినట్టు పడింది. ఆ స్పీడులో వెనకనుంచి సీటు నడుముని తోస్తుందే, ఆ తోపు. ఏడు నెలలైంది. గ్రౌండులో ఒంటరిగా కేకేశాను.

ఊడ్చే ఆవిడ చెయ్యి ఊపింది.

ఏప్రిల్ 19

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. మార్పు చేసిన బండి కాబట్టి వాళ్ళు సరే అంటేనే రోడ్డెక్కాలి. ఇన్‌స్పెక్టరమ్మ నాకంటే పదేళ్ళు చిన్నది. కింద పడుకుని మరీ చూసింది. బ్రాకెట్టు ఎవరు చేశారని అడిగింది, మెచ్చుకుంది. నేను గాలిలో తేలుతుండగా ఒక్క ప్రశ్న వేసింది.

"క్లచ్ నొక్కి ఉండగా వైరు తెగితే?"

ఆలోచించాను. మోటారు ఎక్కడ ఉన్నది అక్కడే ఆగిపోతుంది. పెడల్ తొక్కినట్టే ఉండిపోతుంది. దిగుడు రోడ్డు మీదైతే గేరు పట్టు ఉండదు, అంతా బ్రేకుల మీదే. అదే చెప్పాను. ఫెయిల్ అని రాసింది.

ఏప్రిల్ 20

ఆవిడ అడిగింది సబబే. కోపమంతా అందుకే.

ఏప్రిల్ 27

కేబులుకీ పెడల్‌కీ మధ్య అయస్కాంతం పెట్టాం. కరెంటు ఉన్నంతసేపు పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది. పెడల్ తన స్ప్రింగుతో తనే వెనక్కి వస్తుంది. ఆలోచన బాబాయ్‌ది. పాత లిఫ్టు తలుపుల్లో ఇలాంటివే చూశాడట. ఇన్‌స్పెక్టరమ్మ అడగకపోతే నా తెలివికి తట్టేదే కాదు.

ఏప్రిల్ 30

పాస్. పక్క సీట్లో కూర్చుని, దిగుడులో నేను మీట నొక్కి ఉండగా, చెప్పాపెట్టకుండా వైరు పీకేసింది ఇన్‌స్పెక్టరమ్మ. పెడల్ టక్కున పైకొచ్చింది, ఇంజను పట్టుకుంది, కారు నెమ్మదించింది. ముందే చెప్పి పీకితే అది పరీక్ష కాదు కదా అంది. సంతకం పెట్టాక, ఇంకో రౌండు వేద్దామా అంది. ఈసారి డ్యూటీ కాదట.

మే 11

క్లబ్బు డ్రైవు. ఇరవై కార్లు, అరవై కిలోమీటర్లు, కొండ రోడ్డు. ఒరిజినల్ గారు బానెట్ ఎత్తించి చిల్లు చూశారు. ఎవరో పోయినంత మొహం పెట్టి, రిజిస్టరులో నా కారుని ఒరిజినల్ లిస్టులోంచి తీసి రెండో పేజీలో రాశారు. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. బాధపడతానేమో అనుకున్నాను. ఆకలేసింది.

కొండ దిగాక ఆయనే వచ్చారు. చెవి దగ్గరగా, మూడో మలుపులో నా గేరు ఎప్పుడు మారిందో వెనకనుంచి వినపడలేదన్నారు. ఆయన నోట ఇది సన్మానం. తర్వాత మెల్లగా, తన భుజం రెండేళ్ళుగా పట్టేసిందని, స్టీరింగు తిప్పలేకే కార్లన్నీ అద్దాల గదిలో ఉన్నాయని చెప్పారు. ఎవరికీ చెప్పలేదట. పవర్ స్టీరింగు మోటారు దొరుకుతుంది, బ్రాకెట్టు నేను చేస్తానన్నాను. చిల్లు పెట్టాలా అని అడిగారు. చూడాలి అన్నాను. ఆలోచించుకుని చెప్తానన్నారు.

మే 18

బాబాయ్ తాళం అడిగాడు. మీటతో తనూ నడిపి చూస్తాడట. గేటులోంచి వీధి చివరికి వెళ్ళేలోపు ఆరుసార్లు ఆపేశాడు. మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టాను.  తిరిగొచ్చి, క్లచ్‌లో ఏదో లోపం ఉందన్నాడు. అవును బాబాయ్, కొత్తల్లో ఉంటుంది అన్నాను. రెండు కప్పుల టీ తాగాడు.

మే 25, పొద్దున్న ఐదు నలభై

ఊరు దాటాం. రోడ్డు ఖాళీ. ఎటు వెళ్తున్నామని మా ఆయన అడిగారు. తెలియదన్నాను. సరే అని, సీటు కొంచెం వెనక్కి వాల్చుకున్నారు.

ఇక్కడ ఆగింది ఈ రెండు ముక్కలూ రాయడానికే.