మీ చేతికి చుట్టిన ఊలు

ఏమండీ,

తిరుమలగిరిలో చలి మొదలైంది. మీరు పోయాక ఇది రెండో చలికాలం. మనవరాలు మీ ఊలు టోపీ పెట్టుకుంటానంది. దాని మీది ఊలు బంతి ఎప్పుడో ఊడిపోయింది.

"నానమ్మా, ఫోర్కుకి చుట్టి చేస్తరంట, వీడియోలో చూసిన."

"ఫోర్కెందుకు? చెయ్యి చాపు. కదలకు."

మీకు చుట్టినట్టే దాని నాలుగు వేళ్ళకూ లెక్కపెట్టి నూరు చుట్లు చుట్టాను. వేళ్ళ సందులోంచి దారం పోనిచ్చి, నడుమ బిగించి ముడి వేశాను.

"అయిపోయిందా?" అంటూ చెయ్యి లాక్కుంది. అంచులు కత్తిరిస్తే నిమ్మకాయంత వచ్చింది. మీ చేతికైతే బత్తాయంత వచ్చేది.

ముడి పడ్డాక కూడా మీరు చెయ్యి తీసేవారు కాదు. "పొయ్యి మీద పాలున్నాయి, చెయ్యి తీయండి" అని కసిరేదాన్ని.

ఇవాళ పొయ్యి మీద ఏమీ లేదండీ.