బహదూర్‌కు గుప్పెడు ఉలవలు

గన్నవరం,
1951 ఆగస్టు 12.

మద్రాసులో ఉన్న మీకు సుగుణ నమస్కరించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, అత్తయ్యగారు, బహదూర్ ముగ్గురమూ కులాసా. మీరు కూడా వేళకు తిని, కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. అమలాపురం నుంచి జట్కాల అమ్మిరాజుగారు వస్తారనీ, బహదూర్‌ని ఆయనకు అమ్మి పంపెయ్యమనీ రాశారు. ఆ సంగతికి వస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పనివ్వండి. లేకపోతే అడిగింది ఒకటి, రాసింది ఒకటి అని మళ్ళీ ఉత్తరంలో దెప్పుతారు.

అత్తయ్యగారి కన్ను నెమ్మదించింది. వంటింటి మీద తాటాకు మార్పించాను, ఈ వానలకు చుక్క కారలేదు. బహదూర్ ముందుకాలి వాపు మాత్రం ముసురు పట్టగానే మళ్ళీ వచ్చింది. నడుస్తాడు, పరుగెత్తలేడు. పోలీసు కొలువులో ఇన్నేళ్ళూ మిమ్మల్ని మోసిన గుర్రాన్ని కాలం చెల్లిందని వేలం వేస్తుంటే, చూడలేక మీరే పాడుకున్నారు. కోటిపల్లి రేవు దాటించి తెచ్చి నాకు అప్పజెప్పిన రోజున నేను మొహం మాడ్చుకున్న మాట నిజం. పాడి గేదెకే గడ్డి చాలని పెరట్లో ఈ ఆసామీని ఏం పెట్టి మేపాలి అనుకున్నాను. మీ బెంగా అదేనని మొన్నటి ఉత్తరంలో తెలిసింది. ఆ బెంగ ఎలా తీరిందో వినండి.

ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడి గంపలో పోస్తాం కదా, పాస్టరుగారి ఇంటికోసం. వేసవి చివర్లో ఒక ఆదివారం సాయంత్రం పాస్టరు ఏలీయా అయ్యగారు ముద్ద నోట్లో పెట్టుకోగానే పటుక్కుమందట. చూస్తే ఉలవ. వాళ్ళింటావిడ లీలావతమ్మగారు పాపం ఎక్కడో కలిసిందనుకుని ఊరుకున్నారు. మళ్ళీ వారం బియ్యం పోసి చూసుకుంటే దోసెడు ఉలవలు తేలాయి. మధ్యాహ్నమంతా చేటలో పోసుకుని ఏరుతూ కూర్చున్నారు. ఆ మరుసటి ఆదివారం ప్రసంగం కాగానే అయ్యగారు గంప ముందు నిలబడి, "ఇది ఎవరి చలవండీ?" అని అడిగారు.

మన పక్కింటి చిన్నతల్లి లేచి నిలబడింది. "నేనేనండి అయ్యగారూ. అవి తవరికి కాదండి, బహదూర్ గారికండి. పోసేటప్పుడు మనసులో చెప్పుకునే పోసేనండి."

"మనసులో చెప్పుకుంటే మా ఇంట్లో బియ్యం ఏరేవాళ్ళకి ఎలా తెలుస్తుందమ్మా?"

"గుప్పెడు తీసిపెడితే తెచ్చి పోసే చోటు మాకిదొక్కటే గదండి. ఒళ్ళరిగిపోయేదాకా పనిచేసొచ్చిన నోరండి అది. ఊళ్ళోకొచ్చి పస్తుంటే మనకి బాగుంటదాండి?"

తీరా చూస్తే చిన్నతల్లి ఒక్కతే కాదు, ఆమెను చూసి మరో నలుగురైదుగురు పోస్తున్నారట. నాకు ఒక్క ముక్క తెలియదు. తల ఎత్తలేక కూర్చున్నాను. అయ్యగారు గడ్డం సవరించుకుని, "సరేనమ్మా, ఉలవలకి వేరే గంప పెట్టండి. రెండూ కలిపేరంటే మా ఇంటావిడ నన్ను కూడా ఆ పెరట్లోకే తోలేస్తాది" అన్నారు. గుడంతా నవ్వింది. అప్పటి నుంచి రెండు గంపలు.

ఇక కంట్రోలు కొట్టు వేడుక చెప్పాలి. కిరసనాయిలు ఇచ్చే రోజున నేను బహదూర్‌ని గట్టు మీద మేపుతూ అటు తీసుకుపోయాను. అక్కడ ఒకరి మీద ఒకరు పడి తోసుకుంటున్నారు. మీ శిష్యుడు నా చేతిలో పలుపు లాక్కుని వెళ్ళి, అడ్డంగా తిరిగి, డొక్కతో మెల్లగా అందరినీ వెనక్కి నెట్టి వరసలో నిలబెట్టాడు. ఎవరి కాలూ తొక్కలేదు. మధ్యలో దూరబోయిన మోతుబరి మాణిక్యాలరావుగారిని కూడా చివరికంటా నెట్టుకుపోయాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన పైపంచె దులుపుకుని, "ఆయ్, డ్యూటీ అంటే డ్యూటీయేనండి" అన్నారు. మర్నాడు ఆయన చేలోంచి గడ్డిమోపు వచ్చింది. ఇప్పటికీ తప్పకుండా వస్తోంది. ఇప్పుడు ఊళ్ళో ఏ వీధివాళ్ళయినా "బహదూర్ గారు ఎలా ఉన్నారండీ" అని అడిగాకే నన్ను పలకరిస్తున్నారు.

అమ్మిరాజుగారు గురువారం వచ్చారు. మర్యాదస్తుడే. మీ మాట చెప్పి, కళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. నేను గుంజ దగ్గర నిలబడి, "కాదు" అనలేక, "తీసుకెళ్ళండి" అనలేక పలుపు ముడి పట్టుకున్నాను. ఈలోగా చిన్నతల్లి దడి అవతలి నుంచి వచ్చింది. వెనకాల చేటలతో, చంటిపిల్లలతో ఇంకొందరు.

"తోలుకెళ్ళండి బాబూ. మా గుప్పిళ్ళు మాకిచ్చేసి మరీ తోలుకెళ్ళండి" అంది చిన్నతల్లి.

"ఏ గుప్పెడు ఎవరిదో నాకెలా తెలుస్తదమ్మా?" అన్నారాయన.

"మాకూ తెలవదండి. అందుకే అమ్మడానికి లేదండి."

ఆయన నా వైపు చూశారు. గుర్రాన్ని ఇవ్వను అన్నాను. మీరు పంపమన్నదాన్ని నేను పంపకపోవడం మన కాపురంలో ఇదే మొదలు. ఆయన కళ్ళెం వదిలేసి, కొబ్బరిబొండం తాగి, వాపుకు పసుపూ ఆముదమూ వెచ్చజేసి పట్టు వెయ్యమని చెప్పి వెళ్ళారు. వేస్తున్నాను.

ఊరివాళ్ళు అడ్డుపడ్డారు కాబట్టి అమ్మలేదని రాస్తే మీరు నమ్మేవారు, నన్ను ఒక్క మాటా అనేవారు కాదు. కాని అది అసలు సంగతి కాదు. వాళ్ళు రాకపోయినా ఇచ్చేదాన్ని కాదు. ఎందుకంటే మీ ఉత్తరం అడుగున ఇంకో మాట ఉంది. పింఛను ఇచ్చి పంపేస్తారేమోనని భయంగా ఉందనీ, ఇంకో రెండేళ్ళు ఉంచమని పెద్ద దొరగారి కాళ్ళావేళ్ళా పడతాననీ, పనిలేని మనిషిని ఇంట్లో ఎన్నాళ్ళు చూస్తారనీ రాశారు. గుర్రాన్ని అమ్మెయ్యమన్న చేతితోనే, అదే కాగితం మీద, మీ గురించి అలా రాసుకున్నారు. పొయ్యి ముందు కూర్చుని చదివాను. అన్నం మాడిపోయింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పనికిరాదని బహదూర్‌ని ఈ చేత్తో పంపేస్తే, రేపు మీరు వచ్చాక నేను పెట్టే ముద్ద మీకు గొంతు దిగుతుందా?

అందుకని ఎవరినీ బతిమాలకండి. పింఛను ఇస్తే పుచ్చుకుని రైలెక్కండి. వచ్చాక మీకు ఏ పనీ చెప్పను, మీరూ వెతుక్కోవద్దు. ఏ పనీ చెయ్యని రోజున కూడా పీట వేసుకుని కూర్చుని, నా చేతి అన్నం కడుపునిండా తినడం మీరు అలవాటు చేసుకోవాలి.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూస్తూ,
మీ ఇల్లాలు
సుగుణ