పో అంటే అండీ

గుడివాడ. ఆదివారం, మహాలయ అమావాస్య.

పనులు: పూజగది కడిగాను. అత్తగారి పేర, మావయ్యగారి పేర బియ్యం, పప్పు, కూరలు పెట్టి స్వయంపాకాలు కట్టాను. ఇంకో రెండు కూడా కట్టాను.

మా అమ్మాయి శ్రావణి ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్‌లో చేరిన కొత్తలో, తను అద్దెకున్న ఇంటి ఓనరు ముసలావిడ ఫోన్లో నాతో ఏదో అని చివర "పో" అంది. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. "అమ్మా, పో అంటే వాళ్ళకి అండీ! నిన్ను పొమ్మనలేదే తల్లీ" అని శ్రావణి ఒకటే నవ్వు.

తర్వాత ప్రతి ఆదివారం శ్రావణి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెబుతుంటే ఆవిడా నేనూ మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ తాతగారు ముందు స్పెయిన్ వాళ్ళతో, ఆ తర్వాత వచ్చిన అమెరికా వాళ్ళతో పోరాడారట. తోటివాళ్ళ జాడ చెప్పమని సైనికులు పట్టుకుపోయారట. ఆయన చెప్పలేదు. శవం కూడా ఇవ్వలేదు.

"మీరు పెద్దల పేర బియ్యం ఇస్తారటగా, మా తాత పేర కూడా ఇవ్వండి పో" అని అడిగింది. సరేనన్నాను.

నిరుడు ఇవ్వలేదు. "వాళ్ళు మనకేమవుతారే?" అని మా ఆయన అంటే ఊరుకున్నాను. ఆవిడ అడిగితే మాత్రం ఇచ్చానని చెప్పాను. ఫోన్లోనే ఏడ్చింది.

పోయిన నెల ఆవిడ చనిపోయింది.

ఇవాళ ఎవరినీ అడగలేదు. తాతగారి పేరు, ఆవిడ పేరు చెబితే పంతులుగారు, "ఇవేం పేర్లమ్మా?" అన్నారు.

"మావాళ్ళేనండి."

ఆయన గేటు దాటాక, వాళ్ళిద్దరినీ తలుచుకుని "వెళ్ళిరండి పో" అన్నాను.

నిరుడు ఆవిడతో ఆడిన అబద్ధం ఏ పద్దులో రాయాలో తెలియడం లేదు. స్వయంపాకం మాత్రం, చెల్లు.